పదో తరగతి పిల్లలు ‘ముందు ముందు ఏమీ మిగలదు’ అని రాస్తున్నారు. అబద్ధం ఆడకుండా ఏం చెప్పాలి?

కళ్యాణదుర్గం_సోషల్‌సార్
మా గవర్నమెంటు హైస్కూల్లో పదో తరగతికి ఒక వ్యాసం ఇచ్చాను. ‘నాకు నలభై ఏళ్లు వచ్చేసరికి ప్రపంచం’ అని. దాదాపు అందరూ ఒకే రకంగా రాశారు. నీళ్లుండవు, ఎండకు జనం రాలిపోతారు, మూడో ప్రపంచ యుద్ధం వస్తుంది, ఉద్యోగాలన్నీ కంప్యూటర్లే చేస్తాయి. ఒకమ్మాయి ‘నేను పిల్లల్ని కనను, కంటే వాళ్లకు కష్టాలే’ అని రాసింది. ఆ పేపరుకు మార్కులు వేయడానికి చేయి రాలేదు.

వాళ్లది ఉత్త భయమని కొట్టిపారేయలేను. ఫోన్లో గాజా, ఉక్రెయిన్, సూడాన్ చూస్తున్నారు. ఇంటి దగ్గర ఎండిన బోరు చూస్తున్నారు. ‘అన్నీ సర్దుకుంటాయిలే’ అంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నాకు ఓదార్పు మాటలు వద్దు. నిజంగా జరిగినవి, లెక్క చూపించగలిగినవి కావాలి. మన సీమ పిల్లలకు తగిలేవైతే ఇంకా మంచిది. పిల్లలు రాసిందే కరెక్ట్ అనుకునేవాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
ముందు ఫోన్లు లాక్కోండి సార్. సగం భయం అక్కడే పోతుంది.

కళ్యాణదుర్గం_సోషల్‌సార్
ఫోన్ లాక్కుంటే బోరులో నీళ్లు పడవు కదా తమ్ముడూ.

రిటైర్డ్_ఏఎన్ఎం
నారికురుపు గురించి చెప్పండి సార్. మీ క్లాసులో ఒక్కరికి కూడా ఆ పేరు తెలిసి ఉండదు.

నేను కర్నూలు జిల్లాలో ఉద్యోగంలో చేరిన కొత్తలో దిగుడు బావి ఉన్న ఊళ్లకు పోతే ఎవరో ఒకరు కాలు చాపుకుని అరుగు మీద కూర్చుని ఉండేవాళ్లు. కాలి మీద బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. అది చితికితే లోపలినుంచి తెల్లదారం లాంటి పురుగు తల బయటికి వస్తుంది. గట్టిగా లాగకూడదు, తెగితే కాలంతా చీము పడుతుంది. సన్నటి పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ పోవాలి. రెండు మూడడుగుల పురుగు మొత్తం బయటికి రావడానికి వారాలు పట్టేది. అదును మీద ఇంట్లో మగమనిషి ఇట్లా పడిపోతే ఆ ఏడాది సేద్యం పోయినట్టే.

మంట తట్టుకోలేక కాలు నీళ్లలో పెట్టేవాళ్లు. పెట్టగానే ఆ పురుగు తన పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగినవాళ్లకు దాదాపు ఏడాదికి మళ్లీ కురుపు. అదీ చక్రం.

దీనికి టీకా లేదు. నయం చేసే మందు ఇప్పటికీ లేదు. మేం చేసిందల్లా దిగుడు బావుల మెట్లు మూయించడం, చేతిపంపులు వేయించడం, బావుల్లో ఆ నీటి పురుగులు చచ్చే మందు కలపడం, బిందె మూతికి గుడ్డ కట్టి వడగట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం. 1984లో దేశంలో దాదాపు 40 వేల కేసులు. 1996లో రాజస్థాన్‌లో వచ్చిందే చివరిది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు సర్టిఫికెట్ ఇచ్చింది. ప్రపంచం మొత్తం మీద 1986లో ఏడాదికి 35 లక్షల మందికి వచ్చేది. 2024లో 15 మందికి వచ్చింది. పదిహేను మందే.

కొండారెడ్డి_బురుజు
మా జేజికి మోకాలి కింద పొడుగాటి మచ్చ ఉండేది. అడిగితే ‘నారి లేచిందప్పా’ అనేది, అంతకు మించి చెప్పేది కాదు. ఈ పోస్టు చదివి మా నాయనకు ఫోన్ చేశాను. వాళ్ల వీధిలో సగం ఇళ్లలో ఉండిందంట.

నల్లరేగడి_ఆదోని
అక్కా, మీరు చేసిన పనికి చేతులెత్తి మొక్కాలి. కానీ సార్ అడిగింది అయిపోయిన దాని గురించి కాదు, ముందేమవుతుందని.

దసరా దాటినాక మా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు రండి. వీధికి వీధి తాళాలు. మిరపకాయలు తెంపడానికి గుంటూరు పోతారు, పిల్లల్ని కూడా వెంటేసుకుని. బడి రిజిస్టర్లో పేరుంటుంది, పిల్ల ఉండదు. ముసలోళ్లు మాత్రం కట్టమీద కూర్చుని ఉంటారు. వాళ్ల దగ్గరికి పోయి ప్రపంచ పేదరికం తగ్గిందని చెప్తే ఏమంటారు? ప్రపంచ సగటు పెట్టి నా ఊరి సంగతి కప్పేస్తే నాకు ఒప్పుదల కాదు.

పులివెందుల_రైడర్
నల్లరేగడి అన్నకు నా ఓటు.

గుత్తికోట
నల్లరేగడి అన్నా, వలస బాధను ఎవరం కాదనలేం. కానీ అదే ఆదోని 1876 నుంచి 78 దాకా ఎట్లుండిందో కూడా చూడాలి. అప్పుడు అది బళ్లారి జిల్లా. ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల మీద పడిన దెబ్బ మామూలుది కాదు. మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది ఆకలితో, దాని వెంట వచ్చిన రోగాలతో పోయారు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి లెక్క కట్టాడు. అంటే అరకిలో కూడా కాదు. అదే సమయంలో దేశం నుంచి గోధుమలు ఓడల్లో ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి.

1950ల మొదట్లో మళ్లీ కరువు. మా పెద్దవాళ్లు గంజి కేంద్రాల దగ్గర సట్టి పట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత కూడా మనకు వానలు ఎగ్గొట్టిన ఏళ్లు లెక్కలేనన్ని. అప్పులు పెరిగాయి, రైతులు ప్రాణాలు తీసుకున్నారు, వలసలు పోయారు, అదంతా నిజం. కానీ ఊళ్లకు ఊళ్లు ఆకలితో తుడిచిపెట్టుకుపోయే కరువు మళ్లీ రాలేదు. రేషన్ బియ్యం, బడిలో మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ, ఉపాధి హామీ. ఆ ఉపాధి హామీ దేశం మొత్తానికి మొదలైంది ఎక్కడ? 2006 ఫిబ్రవరి 2న, మన నార్పల మండలం బండ్లపల్లిలో.

ఇవాళ ప్రపంచంలో మనుషులు ఆకలితో చచ్చేది ఎక్కువగా యుద్ధం వల్ల, తిండి పోయే దారులు మూసేయడం వల్ల. వాన రాకపోతే చావే అనే రోజు చాలావరకు పోయింది. ఇది చిన్న మార్పు కాదు.

నల్లరేగడి_ఆదోని
చావకుండా ఉండటమే అభివృద్ధి అంటే ఎట్లా అన్నా?

గుత్తికోట
అదొక్కటే చాలని నేననలేదు. అది లేకుండా మిగతావేవీ రావు.

కడప_పిల్లల_డాక్టర్
చావు మాట వచ్చింది కాబట్టి నా వంతు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న కాలంలో ఎండాకాలం వస్తే పిల్లల వార్డులో ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు. విరేచనాలతో కళ్లు లోపలికి పోయి, నాలుక ఎండిపోయి, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే ఆ మడత అట్లాగే నిలబడి ఉండేది. అమ్మలేమో ‘నీళ్లు పట్టొద్దన్నారు సార్ ఇంట్లో పెద్దోళ్లు’ అనేవాళ్లు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే జూనియర్లకు ఆ మడత చూపించాలంటే కేసు కోసం వెతకాల్సి వస్తోంది.

ప్రపంచంలో 1990లో ఐదేళ్లలోపు పిల్లలు కోటీ 28 లక్షల మంది చనిపోయారు. రోజుకు 35 వేలు. 2023లో 48 లక్షల దగ్గర, రోజుకు 13 వేలు. ఈ మధ్యలో ప్రపంచ జనాభా 530 కోట్ల నుంచి 800 కోట్లు దాటింది, అయినా చావులు ఇంతగా తగ్గాయి. ఆ 13 వేల మందిలో ఎక్కువ మంది ఆపగలిగిన కారణాలతోనే పోతున్నారు, అది నాకు రోజూ కోపం తెప్పించే సంగతి.

ఇంకొకటి. ఓఆర్ఎస్ పెద్ద ఎత్తున ఎక్కడ నిరూపణ అయిందో మీ పిల్లలకు చెప్పండి సార్. 1971లో, బంగ్లాదేశ్ యుద్ధం. బెంగాల్లో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపి డ్రమ్ముల్లో పెట్టించి, రోగి పక్కనున్న అమ్మ చేతనో అన్న చేతనో తాగించాడు. వందకు ముప్పై మంది దాకా పోతున్న చోట అది నాలుగు లోపుకు దిగింది. యుద్ధం ఆగేదాకా ఎదురు చూసి ఉంటే ఆ పని జరిగేదే కాదు.

రిటైర్డ్_ఏఎన్ఎం
డాక్టర్ గారూ, పిల్లలకు విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలు మర్చిపోయారు. 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. హైదరాబాద్‌లో తయారైన టీకా. మా సబ్‌సెంటర్లో మొదటి రోజు చుక్కలు వేసినప్పుడు ఒక పిల్లోడు నా చీరె మీదే ఉమ్మేశాడు.

ఉగ్గాని_బజ్జి
ఆ పిల్లోడు ఇప్పుడు నాలుగో క్లాసులో ఉంటాడక్కా. చీరె సంగతి అడగండి.

అనూ_జేఎన్‌టీయూ
నాకు 20 ఏళ్లు. సార్ స్టూడెంట్స్ వైపు నుంచి ఒక మాట. మీరంతా చెప్తున్నది పోయిన యాభై ఏళ్ల గురించి. మా టెన్షన్ వేరే. 2024 రికార్డుల్లోకెల్లా వేడి సంవత్సరం, పారిశ్రామిక యుగం ముందుతో పోలిస్తే 1.5 డిగ్రీలు దాటిన మొదటి ఏడాది. అదే 2024లో ప్రభుత్వాలు పాల్గొన్న యుద్ధాలు, ఘర్షణలు 61. 1946 నుంచి లెక్కలు చూస్తే అన్నిటికంటే ఎక్కువ. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. డాక్టర్ గారు చెప్పిన ఆ గ్రాఫ్ కిందికి దిగుతూనే ఉంటుందని గ్యారంటీ ఎక్కడుంది? మాకు చరిత్ర చెప్పి నమ్మమంటే ఎట్లా నమ్మాలి?

కడప_పిల్లల_డాక్టర్
గ్యారంటీ లేదమ్మా. డబ్బు ఆపితే చావులు మళ్లీ పెరుగుతాయి. అందుకే ఎట్లా తగ్గాయో తెలిసి ఉండాలంటాను. తగ్గడం దానంతటది జరగలేదు కాబట్టి, ఆపేస్తే ఏం పోతుందో మనకు తెలుసు.

గుత్తికోట
అనూ, నువ్వు చెప్పిన మూడూ నిజం. దేన్నీ తేలిక చేయను. కానీ ‘రోజులు బాగాలేవు కాబట్టి ఏమీ జరగదు’ అనే చోట మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే నాకు తెలిసిన పెద్ద పనులేవీ మంచి రోజుల్లో జరగలేదు.

మశూచి సంగతి చూడు. ప్రపంచం నుంచే దాన్ని తీసేద్దామని 1958లో అడిగింది సోవియట్ యూనియన్. కార్యక్రమం నడిపినవాడు అమెరికా డాక్టర్ హెండర్సన్. ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్న రెండు దేశాలు అవి. మన దేశంలో చివరి కేసు 1975లో. అంతకు ముందు ఏడాదే బీహార్‌లో వేల మంది పోయారు. 1977లో సోమాలియాలో సహజంగా సోకిన ఆఖరిది, 1980లో ప్రకటన.

ఓజోన్ పొర ఒప్పందం 1987, మాంట్రియల్. అప్పటికి ఇంకా బెర్లిన్ గోడ కూలలేదు. ప్రపంచంలోని అన్ని దేశాలూ సంతకం పెట్టిన ఒప్పందం అది. ఇప్పటి విధానాలే కొనసాగితే అంటార్కిటికా మీద కూడా 2066 ప్రాంతానికి పొర 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తల అంచనా.

ఇక అక్క చెప్పిన నారికురుపు. 1995లో సూడాన్‌లో అంతర్యుద్ధం. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పోయి రెండు పక్షాలతో మాట్లాడి దాదాపు ఆరు నెలలు కాల్పులు ఆపించాడు. దేనికి? ఆరోగ్య కార్యకర్తలు ఊళ్లలోకి పోయి నీళ్లు వడగట్టే గుడ్డలు పంచడానికి. బిందెకు కట్టే గుడ్డ కోసం తుపాకులు ఆగాయి అనూ.

అనూ_జేఎన్‌టీయూ
ఈ కాల్పుల విరమణ సంగతి నేనెప్పుడూ వినలేదు. మా టెక్స్ట్ బుక్‌లో ఎందుకు లేదు?

కళ్యాణదుర్గం_సోషల్‌సార్
పుస్తకంలో లేకపోయినా క్లాసులో చెప్తానమ్మా. ఇట్లాంటివే ఇంకా రానివ్వండి.

మోడరేటర్_సీమ
పార్టీల పేర్లతో తిట్టుకున్న పోస్టులు తీసేశాను. టాపిక్ మీద ఉండండి.

ఓర్వకల్లు_సోలార్
వేడి గురించి అడిగిన అమ్మాయికి. నేను మా జిల్లా సోలార్ పార్కులో టెక్నీషియన్. గని, శకునాల ఊళ్ల పక్కన 1000 మెగావాట్లు, 2017లో పూర్తయింది. ఆ రోజుకు ఒకే చోట ఉన్నవాటిలో ప్రపంచంలోనే పెద్దవాటి కిందికి వచ్చేది. గుట్టెక్కి చూస్తే అద్దాలు ఎక్కడ అయిపోతాయో తెలియదు. పొద్దున ఆరు నుంచే పలకలు కడగడం మొదలు. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, ఈ సీమ దుమ్ము సంగతి మీకు తెలుసు.

2010లో కేంద్రం సోలార్ కరెంటుకు కట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల పైన. 2017లో రాజస్థాన్ భడ్లాలో పలికిన ధర 2 రూపాయల 44 పైసలు. ఎవరో పర్యావరణం మీద ప్రేమతో కొంటారని కాదు, చవక కాబట్టే కొంటున్నారు. 2025 మొదటి ఆరు నెలల్లో ప్రపంచంలో గాలి, ఎండ, నీళ్లు లాంటి వాటినుంచి వచ్చిన కరెంటు బొగ్గు కరెంటును దాటింది. ‘రాత్రి ఏం చేస్తారు’ అని అందరూ అడుగుతారు. మా పిన్నాపురం దగ్గర పగటి కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు కట్టారు. బ్యాటరీల ధరలూ బాగా పడిపోతున్నాయి.

పదేళ్ల కిందట ఈ శతాబ్దం చివరికి 4 డిగ్రీల దాకా పోతుందని భయపడేవాళ్లు. ఇప్పటి విధానాలతో అంచనా 3 డిగ్రీల దగ్గర. అది కూడా చాలా ఎక్కువే, ప్రమాదమే. కానీ గీత వంగింది.

బనగానపల్లె_మామిడి
సోలార్ అన్నా, పార్కు బాగుంది. కానీ భూములు పోయిన వాళ్లకు పరిహారం ఎంత కాలానికి వచ్చింది, ఆ భూముల్లో మేకలు మేపుకునే వాళ్లకు ఏం వచ్చింది? పట్టా లేనివాడి పేరు ఏ లిస్టులోనూ ఉండదు. ఈ మాట కూడా ఆ పిల్లలకు చెప్పాలి.

ఓర్వకల్లు_సోలార్
చెప్పాలి. మా పెదనాయన గొర్రెలవాడే. ఆయనకు దారి దూరమైంది, దానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నా జీతం ఆ ఇంటికి వస్తోంది కాబట్టి సరిపోతోంది, అందరి ఇళ్లలో అట్లా లేదు.

తాడిపత్రి_అరటి
మాకు వాన దేశంలోనే బాగా తక్కువ. ఒకప్పుడు ఎటు చూసినా వేరుశనగ, వాన తప్పితే అప్పు. ఇప్పుడు డ్రిప్ మీద అరటి, చీనీ (బత్తాయి), దానిమ్మ. 2020 జనవరిలో మా తాడిపత్రి నుంచి అరటి రైలు ముంబై రేవుకు పోయింది, అక్కడినుంచి విదేశాలకు. నా గెలలు కూడా ఉన్నాయి అందులో. భూగర్భజలం గురించి నాకూ భయం ఉంది, చెరువులు నింపకపోతే ఈ అరటి నిలబడదు. కానీ ఇది ఎడారి అయిపోతుందని మా నాయనకు చెప్పిన నేల ఇది.

పెనుకొండ_లక్ష్మి
సార్, మీ క్లాసులో ఆ అమ్మాయి ‘పిల్లల్ని కనను’ అని రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

మా అమ్మకు పదమూడేళ్లకు పెళ్లి. పిల్లల్ని కనాలా వద్దా అని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడుక్కోలేదు. అట్లా ఒక ప్రశ్న ఉంటుందనే తెలియదు. ఏడుగురిని కంటే నలుగురం మిగిలాం. నేను ఏడో తరగతి. నా కూతురు నర్సింగ్ చదివి బెంగళూరులో ఉంది. మీ అమ్మాయి భయంతోనే రాసి ఉండొచ్చు. కానీ పదిహేనేళ్లకు బడిలో కూర్చుని, నా బతుకు నేను తేల్చుకుంటాను అని కాగితం మీద రాసింది. ఆ పిల్లను ఓదార్చకండి. ఆ వాక్యానికి మంచి మార్కులు వేయండి.

2005-06 సర్వేలో దేశంలో 47 శాతం ఆడపిల్లలకు పద్దెనిమిది లోపే పెళ్లి. 2019-21కి 23 శాతం. అదే సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 29. దేశ సగటు కంటే ఎక్కువ! మా మండలంలో ఇప్పటికీ పది పరీక్షలు అయిపోగానే సంబంధాలు చూస్తారు. ఆ క్లాసులో ఆడపిల్లల ఇళ్లకు మీరు ఒకసారి పోయి రండి సార్, మాటలకంటే అది పనిచేస్తుంది.

కొండారెడ్డి_బురుజు
లక్ష్మక్క పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

ఏఆర్‌టీ_కౌన్సిలర్
అనూ అడిగిన గ్యారంటీ మీద నాదీ ఒక మాట. 2000 ప్రాంతంలో హెచ్ఐవీ మందులు ఏడాదికి పది వేల డాలర్లు పైన. ఆఫ్రికాలో, మన దగ్గర కూడా రోగం బయటపడిందంటే చావుకు తేదీ పడినట్టే. 2001లో ముంబైకి చెందిన సిప్లా రోజుకు ఒక డాలరు కంటే తక్కువకు ఇస్తానంది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఏడాది ప్రపంచంలో ఎయిడ్స్ చావులు 20 లక్షలు దాటాయి. 2024లో 6 లక్షల 30 వేలు. మా సెంటర్‌కు చిన్నప్పుడు జేజి చంకనెక్కి వచ్చిన అనాథ పిల్ల ఈ మధ్య పెళ్లి శుభలేఖ ఇచ్చి పోయింది. పుట్టబోయే బిడ్డకు సోకకుండా ఏం చేయాలో అడిగి రాసుకుని మరీ పోయింది.

ధర తగ్గింది జనం కోర్టులకు పోయి, రోడ్ల మీద కూర్చుని కొట్లాడితే. అనూ, గ్యారంటీ అంటే నాకు తెలిసింది ఆ కొట్లాడే మనుషులే.

అనూ_జేఎన్‌టీయూ
ఇది వేరేగా ఉంది. అన్నీ బాగవుతాయని ఎవరూ అనడం లేదు ఇక్కడ. నాకు ఉద్యోగం గురించి భయం అట్లాగే ఉంది. కానీ ఆ ఓఆర్ఎస్ డ్రమ్ముల గురించి రాత్రంతా చదివాను.

పులివెందుల_రైడర్
మా చిన్నప్పుడు ఫ్యాక్షన్ గొడవలతో సాయంత్రమైతే తలుపులు వేసేవాళ్లు. ఇప్పుడు రాత్రి పదికి కూడా ఆడపిల్లలు ట్యూషన్ నుంచి స్కూటీ మీద వస్తున్నారు. ఇది ఏ సర్వేలో ఉందో తెలియదు, మా వీధిలో మాత్రం ఉంది.

నల్లరేగడి_ఆదోని
అందరివీ చదివాను. నా మాట మీద నేనే ఉన్నాను, తాళం వేసిన ఇల్లు తాళం వేసిన ఇల్లే. ఏఎన్ఎం అక్క ఇల్లిల్లూ తిరిగానని చెప్పింది చూడండి, అది పట్టుకున్నాను. మా ఊర్లో దసరాకు పోయే పిల్లల్ని ఆపాలంటే ఎవరి దగ్గరికి పోవాలి?

కళ్యాణదుర్గం_సోషల్‌సార్
వలస పోయే కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టల్ అని ఉంది నల్లరేగడి గారూ. అమ్మానాన్నలు పోయినా పిల్లలు ఊర్లోనే ఉండి, బడిలోనే తిని, చదువుకోవచ్చు. చిక్కేమిటంటే చాలాచోట్ల జనం వెళ్లిపోయాక మొదలవుతుంది. దసరాకు ముందే బడి హెడ్మాస్టర్ చేత పిల్లల జాబితా రాయించి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇవ్వాలి. పేరు, తరగతి, తల్లిదండ్రులు ఏ నెలలో పోతారు, ఎప్పుడు వస్తారు. పోయిన ఏడాది ఎవరెవరు ఎన్ని నెలలు బడికి రాలేదో హాజరు పట్టీ నుంచి తీసి జత చేస్తే కాదనడం కష్టం.

రిటైర్డ్_ఏఎన్ఎం
హెడ్మాస్టర్ తీరిక లేదంటే అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఇంటింటి సర్వే ఉంటుంది, ఏ ఇల్లు వలస పోతుందో ఆమెకు నోటికి వచ్చు. ముసలోళ్లు ఇంట్లో ఉంటే ఒప్పించడం తేలిక, వాళ్లతో ముందు మాట్లాడు నాయనా. ఆడపిల్లలున్న ఇళ్లకు ఒక ఆడమనిషిని వెంటబెట్టుకుని పో. ఆదోనిలో మా చెల్లెలు ఉంది, నేను వస్తాను.

నల్లరేగడి_ఆదోని
ఊరి పేరు మెసేజ్ పెడతానక్కా. ఆదివారం రండి, అందరూ ఇంటి దగ్గర ఉంటారు. మా మరదలు తోడు వస్తుంది.